నొప్పి లేని మచ్చ

అక్క కింది పెదవి మీది మచ్చ ఆ ఉదయానికి బొగ్గులా నల్లబడింది, సూది మొనతో దాన్ని గుచ్చి చూసుకుని, "అస్సలు నొప్పి లేదే!" అని నా వైపు తిరిగి నవ్వింది.

నవ్వితే పెదవి ఒక పక్కకే లేచింది. రెండో పక్క ఉబ్బిపోయి ఉంది.

"గుచ్చకే, నీకేమైనా పిచ్చా?" సూది లాక్కున్నాను.

"గుచ్చినట్టు కూడా తెలియడం లేదు. ఎవరి పెదవో తెచ్చి నాకు అతికించినట్టుంది."

మొదట అది చిన్న ఎర్ర పొక్కు. దోమ కుట్టిందనుకున్నాం. తర్వాత చుట్టూ నీటి పొక్కులు లేచాయి. వాన నీళ్ళు పడలేదనుకున్నాం. ఆ ఏడు వానాకాలం మా ఇంట్లో ఏం జరిగినా వాన మీదికే నెట్టేసేవాళ్ళం. తలుపు బిగుసుకుంటే వాన. పాలు విరిగితే వాన. అమ్మకు కోపమొస్తే అదీ వానే.

మాది కుంచెల పని. బొమ్మలు వేసేవాళ్ళు వాడే సన్నకుంచెలు. కింద పనిగది, పైన ఇల్లు, వెనక రేకుల కప్పు కింద బాబాయి పొయ్యి. మేక వెంట్రుకలు ఎక్కడెక్కడి నుంచో మూటల్లో వస్తాయి. మూటను పెరట్లోనే విప్పాలి, అదీ నాన్నే విప్పాలి. మూతికి గుడ్డ కట్టుకుని విప్పి, అక్కడికక్కడే బాబాయికి అప్పగిస్తాడు. బాబాయి వాటిని పెద్ద డేగిసాలో వేసి, మూత బిగించి, గంటల తరబడి ఉడకబెడతాడు. ఆరాక నేను దువ్వి, పొడవును బట్టి సర్ది అక్కకిస్తాను. అక్క కుచ్చు కట్టి, రేకు గొట్టంలో దూర్చి, చివరగా మొనను పెదవుల మధ్య పెట్టుకుని తడిపి, ఒక్క తిప్పు తిప్పి తీస్తుంది. అంతే, వెంట్రుకలన్నీ ఒక్కటై సూదిలా నిలబడతాయి. వేళ్ళతో ఎంత తంటాలు పడినా ఆ మొన రాదు. "నా పెదవులు కుంచెలకే రాసిచ్చేశాను, ఇంకెవరికీ మిగల్లేదు" అని పెళ్ళి మాటెత్తిన వాళ్ళ నోరు మూయించేది అక్క.

పనిగది గోడ మీద నాన్న ఎర్ర రంగుతో పెద్ద అక్షరాల్లో రాసిన మాట ఒకటుంది. "ఉడకనిది గడప దాటదు." నేనూ అక్కా అక్షరాలు నేర్చుకున్నది ఆ మాట చూసే.

నాన్న కిందికి దిగి వచ్చాడు. నేను చెప్పకముందే అక్క పెదవి చూశాడు. కళ్ళజోడు సర్దుకుని, గడ్డం పట్టుకుని, అక్క మొహాన్ని కిటికీ వెలుతురుకు తిప్పాడు. చాలాసేపు అలాగే చూశాడు.

"నొప్పుందా?"

"లేదు నాన్నా."

"ఉండదు. గిల్లకు. ఎండిపోయి దానంతటదే ఊడి రాలిపోతుంది. మచ్చ మిగులుతుంది, అంతే."

ఆ మాటతో మా ఇద్దరికీ ధైర్యం వచ్చింది. నాన్న మేస్త్రీ. పనిలో ఆయన మాట తప్పిపోగా నేనెప్పుడూ చూడలేదు. ఆయన చొక్కా చేతులు రెండూ మణికట్టు దాకా దించి, గుండీలు పెట్టుకుని పని బల్ల ముందు కూర్చున్నాడు. ఎంత ఉక్కపోసినా ఆయన చొక్కా చేతులు మడవడు. మాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే.

పైన వంటింట్లో అప్పటికే అమ్మకూ బాబాయికీ యుద్ధం నడుస్తోంది. వాన తెరిపివ్వకపోవడంతో ఉడికిన వెంట్రుకలు ఆరబెట్టుకోవడానికి బాబాయి వంటింటినీ ఆక్రమించాడు. ఈ గోడ నుంచి ఆ గోడకు తాళ్ళు కట్టి తెల్లటి కుచ్చులు వేలాడదీశాడు. ఆ మూలకు వెళ్ళాలంటే అందరం తలలు వంచుకుని నడవాలి.

"ఏమయ్యా వంటాయనా, కూరలో వెంట్రుక పడిందంటే నిన్నే వడ్డిస్తాను" అంది అమ్మ.

"పడితే పడనీ వదినా. నీ కూర కంటే నా మేక వెంట్రుకే బాగా ఉడికింది."

"మేక కంటే నీకే బుద్ధి తక్కువ."

"మేకకు వదిన లేదుగా మరి, బుద్ధి చెప్పడానికి!"

అమ్మ గరిటె ఎత్తింది. బాబాయి తాళ్ళ కింద నుంచి వంగి పారిపోయాడు. అక్క నవ్వబోయి పెదవిని చేత్తో పట్టుకుంది. నాన్న నవ్వలేదు. ఆ వానాకాలం మొదట్నుంచీ ఆయన నవ్వడం తగ్గించేశాడు. కారణం మాకందరికీ తెలుసు.

వానలు మొదలైన కొత్తలో ఒక ముసలి చిత్రకారుడు వచ్చాడు. తాత హయాం నుంచీ మా దగ్గరే కుంచెలు కొనేవాడు. అక్క చేసిన కొత్త కుంచె నీళ్ళలో ముంచి, కాగితం మీద ఒక గీత గీసి, నాన్న వైపు చూశాడు.

"బాగుంది మేస్త్రీ. కానీ మీ నాన్న చేసిన కుంచె ఒకటి నా దగ్గర ఇంకా ఉంది. వంచితే తనంత తానే లేచి నిలబడుతుంది. అది బతికున్న కుంచె. ఇది బాగా ఉడికిన కుంచె."

"ఉడక్కుండా ఎలా ఉంటుందండీ, నేనున్నాను కదా!" అన్నాడు బాబాయి.

చిత్రకారుడు కూడా నవ్వాడు. నాన్న ఆ కుంచె తీసుకుని, వంచి వదిలి, వంచి వదిలి, ఆయన వెళ్ళిపోయాక కూడా అలాగే కూర్చున్నాడు. "బతికున్న కుంచె" అనే మాట తర్వాత నాన్న నోట చాలాసార్లు విన్నాను. ఒక్కడే ఉన్నప్పుడు అనుకునేవాడు.

ఆ రోజు మధ్యాహ్నానికి అక్క మెడ వాచింది. గడ్డం ఎక్కడ ఆగిందో మెడ ఎక్కడ మొదలైందో తెలియనంత వాపు. నీళ్ళు మింగబోతే బయటికే వచ్చేశాయి. "ఆస్పత్రికి పదండి" అంది అమ్మ. "ఈ రాత్రికి చూద్దాం" అన్నాడు నాన్న. అమ్మ ఆయన వైపు ఒక్క చూపు చూసి, గొడుగు తీసుకుని, అక్క చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. నేను వెనక పరుగెత్తాను. నాన్న తర్వాత వచ్చాడు.

ఆస్పత్రిలో డాక్టరు మచ్చను నొక్కి చూశాడు. "నొప్పి లేదా?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. నొప్పి ఉందని చెబితే ఆయనకు నిశ్చింతగా ఉండేదనిపించింది. తర్వాత ఏం పని చేస్తారని అడిగాడు. చెప్పాను.

"మేక వెంట్రుకలా? పెదవితోనా?" అని లేచి బయటికెళ్ళి ఇంకో పెద్ద డాక్టరును వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ గుమ్మంలోనే ఆగి, చేతికి తొడుగులు వేసుకుని మరీ లోపలికి వచ్చింది.

"ఆంథ్రాక్స్ అనుకుంటున్నాం. పశువుల్లో దొమ్మ రోగం అంటారే, అదే. దాని క్రిములు గట్టి విత్తనాల్లా మారి జంతువుల వెంట్రుకల్లో ఏళ్ళ తరబడి ఉండిపోగలవు. చర్మం మీద చిన్న గాటు దొరికితే చాలు, లోపలికెళ్ళి మొలకెత్తుతాయి. నల్లగా మాడుతుంది, నొప్పి ఉండదు. అందుకే జనం పట్టించుకోరు."

"తగ్గుతుందా?" అంది అమ్మ.

"మందు ఉంది. ఇప్పుడే ఎక్కిస్తున్నాం. పొక్కుగా ఉన్నప్పుడే తెచ్చుంటే మాత్రలతో పోయేది. ఇప్పుడు విషం ఒంట్లోకి దిగింది. వాపు గొంతును మూసేయకుండా చూడాలి."

నాన్న గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆయన కుడి చెయ్యి ఎడమ మణికట్టు మీది గుండీని తడుముతోంది.

గొంతులోకి గొట్టం వేయడానికి ముందు మమ్మల్ని ఒకసారి లోపలికి పంపారు. అక్క కళ్ళు వాపులో సగం మూసుకుపోయాయి. అమ్మ ఏడుస్తుంటే చెయ్యి పట్టుకుని లాగింది.

"నొప్పి లేదమ్మా. మీ మొహాలు చూస్తేనే నొప్పి."

నేను విన్న అక్క చివరి మాట అదే. తర్వాత గొట్టం ఉంది కాబట్టి మాటలు లేవు.

మర్నాడు ఆరోగ్య శాఖ అధికారిణి వచ్చింది. వెంట తెల్లటి ముసుగు దుస్తుల్లో మనుషులు. వంటింట్లో తాళ్ళకున్న కుచ్చులు, డేగిసా, మూట, అక్క బల్ల మీదా సొరుగులోనూ ఉన్నవన్నీ సంచుల్లో వేసి మూతులు కట్టారు. మా అందరికీ మాత్రలిచ్చారు. పనిగదికి తాళం పడింది. ఆవిడ మమ్మల్ని పెరట్లో రేకుల కింద నిలబెట్టి ప్రశ్నలు వేసింది. కసురుకోలేదు. కసురుకున్నా బాగుండేది.

"ఉడకబెట్టేది ఎవరు?"

"నేనేనండీ" అన్నాడు బాబాయి.

"ప్రతి విడతా పూర్తిగా ఉడికిందని మీకు నమ్మకమేనా?"

"నమ్మకమేనండీ. ఇన్నేళ్ళుగా..." ఆగాడు. "వాన జల్లు కొట్టి ఒకట్రెండు సార్లు పొయ్యి ఆరింది. వెంటనే వెలిగించాను."

"వెంటనే అంటే?" అంది అమ్మ.

"వెంటనే వదినా. పుల్లలు తడిసిపోయాయి. పొడివి తెచ్చి..."

"ఎంతసేపటికి?"

బాబాయి నాన్న వైపు తిరిగాడు.

"అన్నయ్యా, నువ్వైనా చెప్పు."

నాన్న తడిసిన పొయ్యి వైపే చూస్తున్నాడు.

"ఏం చెప్పనురా?" అన్నాడు.

ఆ ఒక్క ముక్కతో తీర్పు అయిపోయింది. మేస్త్రీయే వెనకేసుకు రాలేదంటే ఇంక సాక్ష్యం ఎందుకు? అధికారిణి ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. అనాల్సింది అమ్మ అంది.

"నా పిల్ల నోటికి విషం అందించావు. నవ్వుతూ, జోకులేస్తూ అందించావు. నా కళ్ళ ముందుండకు, పో."

బాబాయి అరుస్తాడనుకున్నాను. ఇల్లు కదలనని మొండికేస్తాడనుకున్నాను. రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, ఆ బురదలో నడిచి వెళ్ళిపోయాడు. బస్టాండు దగ్గర టీ కొట్టు వెనక గదిలో ఉంటున్నాడని తెలిసింది. రోజూ ఆస్పత్రి గేటు దాకా వచ్చేవాడు. అమ్మ కిటికీలోంచి చూసి తెర లాగేసేది. నేను నీళ్ళ సీసా నింపుకునే నెపంతో దిగి వెళ్ళి, "అలాగే ఉంది బాబాయ్" అని చెప్పి వచ్చేదాన్ని. ఆయన తల ఊపి, అక్కడే నిలబడేవాడు.

ఒక మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చింది. నర్సు వచ్చి అమ్మ పేరు కాదు, నా పేరు పిలిచింది. అక్క పోయింది. ఆ మాటను ఇంతకంటే పొడుగ్గా చెప్పడం నాకు ఇప్పటికీ రాదు.

నాకు ఏడుపు రాలేదు. అమ్మ కూడా ఏడుపు ఆపేసింది. ఇంటికొచ్చాం. ఎవరో టీ ఇస్తే తాగాం. ఎవరో పడుకోమంటే పడుకున్నాం. వంటింట్లో తాళ్ళు విప్పేసి చాలా రోజులైనా, మేం ఆ మూలకు తలలు వంచుకునే నడిచాం. అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి పొంగిపోతున్నా చూస్తూ నిలబడేది. ఒకసారి గిన్నె కాలి నా వేళ్ళు బొబ్బలెక్కాయి. ఎప్పుడు కాలాయో నాకు తెలియదు. నాన్న తాళం వేసిన పనిగది ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు, ఎవరో లోపలి నుంచి తలుపు తీస్తారన్నట్టు.

వానలు తగ్గుముఖం పట్టాక అధికారిణి మళ్ళీ వచ్చింది. అమ్మ ఆవిడను పైకి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. నాన్న కుర్చీలో, నేను గుమ్మంలో.

"పరీక్షలు పూర్తయ్యాయి. మూటలో క్రిమి ఉంది. మీ వంటింట్లో ఆరబెట్టినవన్నీ శుభ్రం. డేగిసా శుభ్రం. మీ మరిది ఉడకబెట్టిన వాటిలో ఒక్క దాంట్లో కూడా లేదు" అంది.

అమ్మ ఆవిడ మొహంలోకి చూసింది.

"మరి?"

"పూర్తి చేసిన కుంచెల్లోనూ లేదు, ఒక్క దాంట్లో తప్ప." ఫోను తీసి బొమ్మ చూపించింది. "మీ అమ్మాయి బల్ల సొరుగులో, మెత్తటి గుడ్డలో చుట్టి ఉంది. ఇది ఎవరి కోసం చేసింది?"

నేను దగ్గరికెళ్ళి చూశాను. తెల్లటి పొడుగు వెంట్రుక. పిడికి రంగు వేయలేదు. మొన మాత్రం అక్కదే. అలాంటి మొన ఇంకెవరికీ రాదు. కానీ ఆ వెంట్రుకను నేను దువ్వలేదు. మా ఇంట్లో ప్రతి కుచ్చూ నా దువ్వెన కింద నుంచే అక్క బల్లకు వెళ్తుంది. ఇది వెళ్ళలేదు.

"నా చేతిలోంచి రాలేదు" అన్నాను.

"మీ బాబాయి ఇచ్చారా?"

"బాబాయి దగ్గర్నుంచి వచ్చేవి నాకే వస్తాయి."

అలా అన్నాక ఇంకేం మిగిలిందో నాకే వినిపించింది. బాబాయి కంటే ముందు వెంట్రుకను ముట్టేది ఒక్కరే. గోడ మీద ఆ మాట రాసిందీ ఆయనే. అక్క గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి, ఎండిపోయి దానంతటదే ఊడి రాలిపోతుందన్నదీ ఆయనే. డాక్టర్లకే ఇద్దరు కూర్చుని తేల్చుకోవాల్సి వచ్చిన సంగతి ఆయనకెలా తెలుసు?

నేను ఆయన వైపు తిరగలేదు. తిరగడానికి మెడ రాలేదు.

"వాణ్ణి పిలుచుకు రా" అన్నాడు నాన్న, నా వీపు వెనక నుంచే.

బాబాయి టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని గ్లాసులు కడుగుతున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకున్నాడు.

"పోలీసులొచ్చారా?"

"లేదు. నాన్న పిలుస్తున్నాడు."

"వదిన?"

"అమ్మ కూడా ఉంది."

దారంతా ఆయన నా కంటే ఒక అడుగు వెనకే నడిచాడు. "ఏ విడతలో ఆరిందా అని రోజూ ఆలోచిస్తున్నానే. మొదట్లో నాది కాదనిపించేది. ఇప్పుడు నాదే అనిపిస్తోంది. ఆ పొయ్యి ఆరినప్పుడు టీ తాగడానికి పైకి వచ్చినట్టు గుర్తు. అంత సేపు ఎందుకు తాగానో..." అన్నాడు. నాకు తెలిసింది చెప్పాలనే ఉంది. నోరు లేవలేదు. అది చెప్పాల్సిన నోరు వేరే ఉంది.

మేం వెళ్ళేసరికి అధికారిణి ఇంకా కూర్చునే ఉంది. అమ్మ గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. బాబాయి గడప అవతలే ఆగిపోయాడు.

నాన్న రెండు చొక్కా చేతులూ మోచేతుల పైకి మడిచి ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన మోచేతులు చూడటం అదే మొదటిసారి. ఎడమ ముంజేతి మీద గుండ్రంగా, గుంటగా, నున్నగా మెరిసే పాత మచ్చ ఉంది. దాని మీద ఒక్క వెంట్రుకా లేదు.

"లోపలికి రారా. అక్కడ నిలబడాల్సింది నువ్వు కాదు. నీ పొయ్యి ఆరలేదు. ఆరినా మళ్ళీ వెలిగించావు. నీ చేత్తో ఉడికింది దేంట్లోనూ ఏమీ లేదట, ఈవిడ చెప్పింది. నాకు ఈవిడ చెప్పక్కర్లేదు, ముందే తెలుసు. ఏం చెప్పను అన్నానే ఆ రోజు, అప్పుడే తెలుసు. పిడికెడురా. మూట విప్పగానే పైనే ఉంది. మేక భుజం మీది వెంట్రుక, పాలలా తెల్లగా. నాన్న చేతిలో చూశాక అలాంటిది మళ్ళీ చూడలేదు. నీ డేగిసాలో పడితే దాని ప్రాణం పోతుందనిపించింది. చొక్కాలో దాచుకుని, ఆ గోడ మీది మాట కింద నుంచే లోపలికి తెచ్చాను. నాకు భయం లేదు. చిన్నప్పుడు నాన్నతో మూట విప్పుతుంటే నాకు ఇదిగో ఇక్కడ వచ్చింది. నల్లబడింది, ఎండింది, రాలిపోయింది. నాతో పాటు విప్పినవాడికి మెడ మీద వచ్చింది. వాడు పోయాడు. వాడి కోసమే గోడ మీద అలా రాశాను. రాసి రాసి చివరికి వాణ్ణే మరిచిపోయాను, రాలిపోయిన నా పొక్కు ఒక్కటే గుర్తు పెట్టుకున్నాను. పిల్ల పెదవి చూడగానే గుర్తుపట్టాను. రాలిపోతుందన్నాను. పొక్కుగా ఉన్నప్పుడే నోరు తెరిచి చెబితే మాత్రలతో పోయేది. ఆ కుంచె... ఆ కుంచె ఎంత బాగా కుదిరిందనుకున్నావు! వంచితే తనంత తానే లేచి నిలబడింది. నాన్నదాని కంటే బాగా నిలబడింది. పిల్ల అప్పటికే తీసి పక్కన పెట్టబోయింది. మొన ఇంకొంచెం సన్నబడితే బాగుండుననిపించింది నాకు. 'ఇంకొక్కసారి పెదవికి ఆనించమ్మా' అన్నాను. ఆనించింది."